సూరి కుట్టిన రెండు రంగుల సంచీ

రంగూన్‌లోని చిమిండైంగ్ బజారులో సూరి దగ్గర ఏం కుట్టించుకున్నా, అడగని సంచీ ఒకటి అంటగట్టేవారు. చొక్కా కుట్టమన్నా సంచీ, రవిక కుట్టమన్నా సంచీ, చిరిగిన దోమతెరకి మాటు వెయ్యమన్నా సంచీ. అరచేయంత ఉండేది, సగం ఆకుపచ్చ, సగం గులాబీ. కార్డు అందులోనే పెట్టుకుంటామని మాటిస్తే గాని బట్టలు చేతికిచ్చేవారు కాదు.

ఆ కాలంలో బర్మాలో గుర్తింపు కార్డు మగవాళ్ళకి ఆకుపచ్చది, ఆడవాళ్ళకి గులాబీది. ఎవరేమిటో పోలీసుకి పది గజాల దూరం నుంచే తెలిసిపోయేది. సూరి సంగతి మాత్రం దగ్గరికొచ్చినా తేలేది కాదు. పైన మగవాళ్ళ చొక్కా, కింద ఆడవాళ్ళు చుట్టుకునే తమేన్ లుంగీ, ఒక చెవి వెనక పెన్సిలు, రెండో చెవి వెనక మల్లెలు. ఇంతకీ నువ్వు మగా ఆడా అని ఎవరైనా అడిగితే ఒకటే జవాబు: "నాను సూరిని. కొలత ఇయ్యి."

సూరి ఇరవై ఏళ్ళుగా వీరలక్ష్మి ఇంట్లోనే అద్దెకి ఉంటున్నారు. ఆవిడకి బజారులో మసాలా కొట్టు. ఇంట్లో పోగుపడ్డ సంచీల్లో ఆవిడ యాలకులు ఒకదాంట్లో, తాళాలు ఒకదాంట్లో, మిగిలినవాటిలో ఇంకా ఖాళీ సంచీలు దాచేది. ఊరందరిలో లొంగనివాడు రేవు మేస్త్రీ భీమరాజు ఒక్కడే. మగవాడి కార్డు దాచుకోవలసిన ఖర్మేమిటని, ఆకుపచ్చ కార్డు జేబులోంచి సగం బయటికి కనబడేలా పెట్టుకుని మీసం దువ్వుకుంటూ తిరిగేవాడు. సూరి ప్రతి చొక్కాతోనూ సంచీ పంపేవారు, భీమరాజు ప్రతిసారీ తిప్పి పంపేవాడు.

ఎనభై ఎనిమిదిలో సర్కారు మీద తిరగబడి రంగూనంతా వీధుల్లోకి వచ్చింది. వెనకాలే సైన్యం వచ్చింది, కర్ఫ్యూ వచ్చింది, మలుపు మలుపుకీ కార్డు చూపమనడం వచ్చింది. మరుసటేడు పాత కార్డులు మార్చి కొత్తవి ఇస్తామన్నారు. ఒకే ఇంటి పట్టీలో ఉన్నవాళ్ళ దరఖాస్తులన్నీ కలిపి ఇవ్వాలి. ఒకటి ఆగితే అన్నీ ఆగుతాయి.

దరఖాస్తులో ఆడా మగా అని రెండే గడులున్నాయి. సూరి కొలబద్ద పెట్టి పక్కన మూడో గడి గీసి, అందులో టిక్కు పెట్టారు. గుమాస్తా ఊ టిన్ మౌంగ్ తిప్పి పంపాడు. సూరి కొత్త కాగితం తెచ్చి, ఈసారి ఇంకా తిన్నగా గీశారు. అలా ఐదుసార్లు జరిగింది.

వీరలక్ష్మికి ఓపిక నశించింది. ఆవిడ కూతురు మల్లిక రోజూ పడవ మీద నది అవతలి తన్లిన్ వెళ్ళి టైపిస్టు పని చేస్తోంది. నెలాఖరులోగా దరఖాస్తు రసీదు చూపించకపోతే ఆ ఉద్యోగం ఊడుతుంది.

"నీ పిచ్చికి నా గుంట ఉజ్జోగం పోవాలా, సూరీ? ఏదో ఒక గడిలో కొట్టీ. కాయితమే కదేటి."

సూరి తల వంచుకుని, మగ గడి మీదికి పెన్ను తీసుకెళ్ళారు. ఇరవై ఏళ్ళలో ఆ తల వంగడం వీరలక్ష్మి చూడలేదు.

మల్లిక వచ్చి ఆ పెన్ను లాక్కుంది.

"మొదటి సంచీ ఎవలి కోసం కుట్టారో నీకు తెల్దమ్మా. నాకోసం."

పన్నెండో ఏట గులాబీ కార్డు చేతికొచ్చినప్పుడు మల్లిక తొమ్మిది రోజులు కడుపునొప్పని బడి మానేసింది. వీరలక్ష్మి తొమ్మిది రోజులూ వాము నీళ్ళు పట్టించింది. నొప్పి కడుపులో కాదు, ఆ కార్డు ఎవరో పరాయివాళ్ళదిలా కనబడుతోంది. అది కనిపెట్టింది సూరి ఒక్కరే. కార్డు దాచుకోమని సూరి సంచీ కుట్టి ఇస్తే, నా ఒక్కదానికే ఎందుకని అందరూ అడుగుతారని మల్లిక ఏడ్చింది. అయితే అందరికీ కుడతానన్నారు సూరి.

"ఎనిమిదేళ్ళయింది, ఇంకా కుడతానే ఉన్నారు. నాకూ ఆ మూడో గడే కావాలమ్మా."

వీరలక్ష్మి తాను పట్టించిన వాము నీళ్ళు తలుచుకుని సిగ్గుపడింది. తర్వాత కొలబద్ద అందుకుని, మల్లిక కాగితం మీద మూడో గడి తానే గీసింది. అది వంకరగా వచ్చింది.

కాగితాలు పట్టుకుని ఆఫీసుకీ తానే వెళ్ళింది. అలాంటివాళ్ళు సర్కారు లెక్కలో లేరన్నాడు గుమాస్తా.

"సర్కారుకి లేరేమో సయా. మా ఇంట్లో ఇద్దరున్నారు," అంది వీరలక్ష్మి బర్మీసులో.

ఆవిడ వెనక వరుసలో అందరి చేతుల్లోనూ రెండు రంగుల సంచీలే. గుమాస్తా తల తిప్పుకుని సొరుగు లాగాడు. అక్కడ తన కార్డూ సంచీలోనే ఉంది, పంట్లాం కుట్టించుకున్నప్పుడు మాటిచ్చాడు మరి. దగ్గాడు. రసీదులు రాసిచ్చి, ముద్ర తీసి ఆ ఇద్దరి కాగితాల మీదా కొట్టాడు, సరిగ్గా మూడో గడి మీదే.

సూరి తన నకలుకి పటం కట్టించి మెషీను పైన తగిలించారు. మూడో గడి మీద పడ్డ మొట్టమొదటి సర్కారు ముద్ర ఇదేనని వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. ఒకటి కాదు, రెండు అని పక్క కొట్లోంచి వీరలక్ష్మి గర్వంగా సరిదిద్దేది.

కొత్త కార్డులొచ్చాయి. ఇప్పుడు రంగు ఆడా మగా చెప్పదు, తాతల కాగితాల సంగతి చెబుతుంది. వీరలక్ష్మి ఇంట్లో అందరికీ నీలం వచ్చింది. భీమరాజు తాత కాగితాలు పక్కాగా ఉన్నాయి కనక ఆయనకి అన్నిటికన్నా గొప్పది వచ్చింది. గులాబీది.

ఆ సాయంత్రం మేస్త్రీ కొట్టు ముందు అటూ ఇటూ తిరిగి, చివరికి మీసాల చాటున గొణిగాడు.

"సూరీ, ఆ సంచీ ఒకటి ఉంటే..."

సూరి నవ్వలేదు. సొరుగు లాగి, ఆయన ఎనిమిదేళ్ళుగా తిప్పి పంపిన సంచీలన్నీ బల్ల మీద పోశారు.

"నీయే. నచ్చింది ఏరుకో, మేస్త్రీ."