ఓరిన్ హాగెన్ రబ్బరు ముక్క

ఇంకొకళ్ల కాగితం కంటబడితే ఓరిన్ హాగెన్‌కు చెయ్యి ఆగదు. అందులో ఏదో ఒకటి చెరిపితేగాని ముద్ద దిగదు. ఆయన జేబులో ఎప్పుడూ సబ్బుబిళ్లంత రబ్బరు ముక్క ఉంటుంది. హాల్వర్ ఊరి బడిలో భోజనాల పట్టిక, చర్చి కరపత్రం, ఆఖరికి ప్రిన్సిపాల్ రాసిన సంతాప సందేశం కూడా దాని కింద నలిగినవే. ఒకసారి పుట్టినరోజు కేకు మీది అక్షరాలనే వేలితో తుడిచి, వేలు నాకి, "ఇప్పుడు బాగుంది" అన్నాడు.

"తప్పేముందయ్యా అందులో?" అన్నారు అందరూ.

"తప్పు లేదు. ఒక మాట ఎక్కువైంది."

పక్క గదిలో మూడో తరగతి చెప్పే వెర్నా లిండ్‌క్విస్ట్‌కు ఆ రబ్బరు మీద పెద్దగా కోపం లేదు. ఆమె ఏడుపంతా బెలూన్ల మీద.

ఊళ్లో విద్యా ఫౌండేషన్ అని ఒకటుంది. పాన్‌కేకుల విందులు పెట్టి చందాలు పోగుచేసి, సర్కారు బడి బడ్జెట్‌లో చోటు దొరకని కొత్తరకం పాఠాలకు ఏటా గ్రాంట్లు ఇస్తుంది. గెలిచినవాళ్లకు ముందుగా చెప్పరు. బెలూన్లు పట్టుకుని, అట్టతో చేసిన తలుపంత బ్యాంకు చెక్కు మోసుకుని, చప్పట్లు కొడుతూ నడవా వెంట వస్తారు. ఆరేళ్లుగా ఆ ఊరేగింపు వెర్నా తలుపు దాటి ఓరిన్ గదికే వెళుతోంది. ఆయన తరగతి పిల్లలు బడి కప్పు మీద వాన కొలిచారు, నేలమాళిగలో పుట్టగొడుగులు పెంచారు. ఏటా ఒక ఎర్ర బెలూను మాత్రం వెర్నా గదిలోకి తొంగిచూసి, 'ఇక్కడ కాదులే' అన్నట్టు వెళ్లిపోయేది.

"మనకెందుకు రావు టీచర్?" అని ఒక పిల్ల అడిగింది.

"మనకు బెలూన్లు పడవమ్మా. తుమ్ములొస్తాయి."

నాలుగుసార్లు దరఖాస్తు పెట్టింది, నాలుగుసార్లూ రాలేదు. జూన్‌లో ఆమె ఉద్యోగ విరమణ. ఇక ఇదే ఆఖరు అవకాశం. పోయిన భర్త చేపలు పట్టిన పడవ ఇంట్లో ఉంది. దాన్ని తరగతిలో పెట్టి, దిండ్లు వేసి, మాటలు రికార్డు చేసే పెట్టెలు అమర్చాలని ఆమె ఆలోచన. నలుగురిలో చదవాలంటే వణికే పిల్లలు పడవలో కూర్చుని తమకు తామే చదువుకుని, తమ గొంతు తామే వింటారు. అలాంటివాళ్లు ఆమె దగ్గర ఏడుగురున్నారు. ఇంగ్రిడ్ అయితే చదవమంటే బల్లకిందే దూరుతుంది.

శుక్రవారం నాలుగింటికి గడువు. మధ్యాహ్నం టీచర్ల గదిలో, పెన్సిలుతో రాసిన దరఖాస్తూ పడవ ఫొటో ఉన్న కవరు బల్లమీద పెట్టి, కాఫీ పోసుకుని తిరిగేసరికి అది ఓరిన్ చేతిలో ఉంది.

"ఓరిన్! అది నాది!"

"తెలుసు. పేజీ పేజీకీ చెబుతూనే ఉంది. ఇందులో ఎక్కువైనవి పదకొండున్నాయి వెర్నా. నాకొదిలెయ్, వెళ్లేదారిలో నేనిచ్చేస్తా."

"నా ఆలోచన కొట్టేద్దామనా? ఉన్న బెలూన్లు చాలలేదా నాయనా?"

ఇంతలో బయట ఎవరో పిల్లలు కొట్టుకుంటున్నారని కేక. ఆమె పరుగెత్తి, విడదీసి వచ్చేసరికి కవరూ లేదు, ఓరినూ లేడు.

సోమవారం ఫౌండేషన్‌కు ఫోన్ చేసింది. "మీ పేరున్న దరఖాస్తేదీ మా దగ్గర లేదండీ" అన్నారు. వెర్నాకు అంతకన్నా రుజువు అక్కర్లేకపోయింది. ఆ తర్వాత నెల్లాళ్లు ఓరిన్ "శుభోదయం" అంటే ఆమె "ఎవరికి?" అనేది.

బెలూన్ల రోజు రానే వచ్చింది. నడవాలో చప్పట్లు వినగానే వెర్నా బోర్డు వైపు తిరిగి, అక్కర్లేని లెక్క ఒకటి రాయడం మొదలుపెట్టింది. చప్పట్లు ఆమె గుమ్మంలోనే ఆగిపోయాయి.

"ఒక్కసారి ఇటు తిరుగుతారా తల్లీ?" అంది ఫౌండేషన్ అధ్యక్షురాలు మిసెస్ క్రోల్. "ఈసారైనా పేరు లేకుండా పంపారు! మొహమాటాలకు తావుండకూడదని, పేరు కనిపిస్తే చదవకుండానే పక్కన పెట్టేస్తాం. నియమం మొదటి పేజీలోనే ఉంటుంది. ఇన్నేళ్లూ మీవన్నీ అలాగే పోయాయి. పోయినేడు 'ప్రేమతో మీ వెర్నా' అని కూడా రాశారు!"

వెర్నా చేతిలో సుద్దముక్క విరిగింది. నియమాలు చదివే అలవాటు ఆమెకు ఏనాడూ లేదు.

"అన్నట్టు, ఆ పడవ ఫొటో మీద పెన్నుతో ఏం గీశారు? బాతా, బూటా అని కమిటీలో అరగంట కొట్టుకున్నాం. గెలిచాక ఆ పడవ ఎవరిదని ఊళ్లో అడిగితేగాని మీరని తెలియలేదు."

పడవ పక్కచెక్క మీద భర్త తెల్లరంగుతో రాసుకున్నది ఆమె పేరే. ఫొటో మీద రబ్బరు పని చెయ్యదు మరి.

"మరి ఓరిన్‌కు?"

"ఆయనది సగమే నింపి ఉంది, తీసుకోలేదు. గడువు రోజు మధ్యాహ్నమంతా వేరే పని పడిందట."

పిల్లలు బెలూన్లకోసం ఎగురుతుండగా వెర్నా నడవాలోకి వచ్చింది. ఓరిన్ తన గుమ్మంలో నిలబడి ఆ బెలూన్లకేసి చూస్తున్నాడు. ఆ చూపు ఆమెకు బాగా తెలుసు. ఆరేళ్లు అద్దంలో చూసుకున్నదే.

"బాతు అంత వికారంగా గీశారేం?"

"తొందరలో గీశా."

"కుళ్లుగా ఉందా?"

"చాలా."

"చాలా అంటే?"

"కడుపులో మండిపోతోంది వెర్నా."

"హమ్మయ్య" అంది వెర్నా. ఇన్నేళ్లలో ఆయన నోటివెంట ఆమెకు నచ్చిన మాట అదొక్కటే. కృతజ్ఞత పొంగుకొచ్చి, బెలూన్లలో సగం విడదీసి ఆయనకు ఇవ్వబోయింది. మళ్లీ ఒక్క క్షణం ఆలోచించుకుని, ఒకటిచ్చింది.