రేగులంక వారి మైల

యాభై దాటిన రవిచంద్ర కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టు. పేరడిగితే ముందు "రేగులంక" అని ఇంటిపేరు చెప్పి కాస్త ఆగుతాడు. "ఆ హీరో వాళ్ళా?" అని అవతలివాడు అడగాలి మరి! అడిగితే ఇక ఆపడు. గోదావరి రేగులంకను మింగేసిన ఏడాది ఇద్దరన్నదమ్ములు ఒకే పడవలో ఒడ్డెక్కారట. ఊరున్నన్నాళ్ళూ లేని ఇంటిపేరు ఊరు పోయాకే అంటుకుంది. పెద్దవాడి సంతతి మద్రాసు వెళ్ళి సినిమాలు తీసి, ఆనక జూబ్లీహిల్స్‌లో మేడ కట్టింది. చిన్నవాడి సంతతి తను. ఆ మేడ గేటు మీద ఇత్తడి అక్షరాల్లో తన ఇంటిపేరు మెరుస్తుంటే రవిచంద్రకి కడుపు మండిపోతుంది. అయినా రోజూ అటే నడుస్తాడు.

మొన్న ఆ మేడలో పెద్దాయన, హీరో తాత, పోయాడు. కబురు టీవీలో తెలిసింది. గోత్రం కూడా ఒకటే, దాయాదులం కదా అని రవిచంద్ర పదిరోజుల మైల పట్టాడు. గడ్డం గీయలేదు, గుడి మెట్టెక్కలేదు. ఆరో రోజు ఫిల్మ్‌నగర్‌లో ఆ హీరో సినిమాకే పెళ్ళి సీను. "గిదేందన్నా, పెళ్ళికొచ్చినోని లెక్క కనబడాలె. జర గడ్డం గీస్కోని రా," అన్నాడు ఆర్టిస్టుల్ని తెచ్చే బాలనర్సయ్య. "మైలయ్యా, గీయను," అంటూ రవిచంద్ర కుర్చీలోంచి లేచాడు. అటుగా పోతున్న హీరో ఆ మాట విని ఆగాడు. అతని బుగ్గలు అద్దంలా ఉన్నాయి.

"అయ్యో, ఎవరు పోయారండీ?" అన్నాడు హీరో మనసారా.

రవిచంద్ర ఆ నున్నటి బుగ్గల్నే చూస్తూ, "మా పెదనాన్నగారండీ. మనవడున్నాడు గానీ, మైల నేనొక్కణ్ణే పడుతున్నాను," అన్నాడు.