హిల్లె కిటికీలో విల్లో చెట్టు

హార్లెం ఊరి బయట ఇసుక దిబ్బల దగ్గర హిల్లె ముసలమ్మ ఇల్లు ఎంత ఒరిగిపోయిందంటే, బల్ల మీద బఠాణీల చారు పెడితే అది తనంతట తానే నోటిదాకా నడిచొచ్చేది. నమ్మకపోతే మీ ఇష్టం, తాగినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. ఇల్లు బాగుచేయించుకోమని ఊరంతా పోరేది. బొమ్మలు గీసేవాళ్ళు మాత్రం వద్దని బతిమాలేవారు. చివికిన కప్పు, విరిగిన కంచె కనబడితే వాళ్ళకి పెళ్ళి భోజనమే.

అందరి కళ్ళూ తలుపుకి ఎడమ పక్కనున్న విల్లో చెట్టు మీదే. సగం ఎండిపోయింది, మొదలు దగ్గర మనిషి పట్టేంత తొర్ర. హిల్లె మొగుడు తూనిస్ పెళ్ళయిన ఏడు దాన్ని నాటాడు. ముసలితనంలో పని ఎగ్గొట్టి అందులోనే దూరి కునుకు తీసేవాడు. ఆయన పోయాక కూడా హిల్లె పొద్దున్నే తొర్రలోకి తొంగిచూసి, "లేచావా, సోమరీ?" అని పలకరించాకే పొయ్యి వెలిగించేది.

ఒక ఏడు గాలివానకి చెట్టు ఇంటి కప్పు మీదికి వాలింది. కొట్టక తప్పదన్నాడు వడ్రంగి. హిల్లె వెంటనే రాగిరేకుల మీద బొమ్మలు చెక్కి అచ్చువేసే యోరిస్‌ని పిలిపించింది.

"నాయనా, రేపు కొట్టేస్తారట. ఈలోగా దాన్ని కాగితం మీదికి ఎత్తిపెట్టు. నాలుగు ఆకులు ఎక్కువెయ్యి, కళగా ఉంటుంది."

"ఆకులు ఎవడైనా వేస్తాడు పెద్దమ్మా! ఈ పుచ్చు, ఈ నాచు, ఈ తొర్ర, అందమంతా ఇక్కడుంది. నేను గీస్తే వడ్రంగిపిట్టలొచ్చి కాగితాన్ని పొడవాలి!"

"కోతలు తర్వాత కోద్దువుగాని, ముందు గియ్యి."

యోరిస్ మైనం పూసిన రాగిరేకు ఒళ్ళో పెట్టుకుని, చెట్టుని, పక్కనున్న తలుపుని చూస్తూ చూసింది చూసినట్టే సూదితో గీశాడు. అక్కడే పప్పులో కాలేశాడు. రేకు మీద ఎడమనున్నది కాగితం మీద కుడికి వస్తుందని, ముందే తిప్పి గీసుకోవాలని హార్లెంలో కుక్కలకి కూడా తెలుసు. తొందరలో మరిచాడు.

అతను అచ్చు పట్టుకొచ్చేసరికి చెట్టు కట్టెలై గోడవార పేర్చి ఉంది.

"ఇదెవరిల్లురా?" అంది హిల్లె. "మా చెట్టు తలుపుకి ఎడమ పక్క కదా. మా ఆయన నాకు చెప్పకుండా కాపురం మార్చాడా?"

యోరిస్ తల దించుకున్నాడు. "తప్పు నాదే పెద్దమ్మా. మళ్ళీ గీద్దామంటే చెట్టు లేదు."

కన్నీళ్ళు కనబడకూడదని హిల్లె కిటికీ వైపు తిరిగి, కాగితాన్ని, వెనకవైపు తనవైపుకి వచ్చేలా, మొహానికి అడ్డం పెట్టుకుంది. ఎండ కాగితంలోంచి తోసుకొచ్చింది. ఆ వెలుగులో చెట్టు తలుపుకి ఎడమ పక్కకి వచ్చి నిలబడింది. తొర్రతో సహా.

"అవిసె నూనె సీసా ఇలా అందుకో," అంది మెల్లగా.

కిటికీలో ఒక అద్దం పగిలి ఎన్నాళ్ళుగానో గుడ్డ కుక్కి ఉంది. గుడ్డ పీకేసి, వెలుగు చొరబడేలా నూనె పట్టించిన కాగితాన్ని, బొమ్మ వీధి వైపుకి వచ్చేలా అక్కడ అతికించింది.

"వీధిలోవాళ్ళకి తప్పు బొమ్మ కనబడుతుంది పెద్దమ్మా! నా పరువేం కాను?"

"చెట్టు వాళ్ళదా?"

"వానకి కుళ్ళిపోతుంది కూడా."

"కుళ్ళనీ. పుచ్చులోనే అందమన్నావుగా."

మర్నాడు పొద్దున్నే హిల్లె కిటికీ దగ్గరికి వెళ్ళి, తొర్రలోకి తొంగిచూసి, "లేచావా, సోమరీ?" అంది. తర్వాత గోడవారనుంచి ఒక విల్లో కట్టె తెచ్చి పొయ్యి వెలిగించింది.