సోమవారం ఆయాసం

మా నాయన కోయంబత్తూరులో ఒక నూలుమిల్లులో పత్తి ఏకే యంత్రాల దగ్గర పనిచేసేవాడు. ఆదివారం సెలవు. ఆ రోజు అమ్మ ఆయనకు నువ్వులనూనెతో తలంటేది. సోమవారం పనినుంచి వచ్చేసరికి ఛాతీ బిగుసుకుపోయి, గుమ్మం పట్టుకుని ఊపిరి పీల్చుకునేవాడు. మంగళవారానికి కొంచెం తేలికపడేవాడు. వీధిలో మిల్లుకు వెళ్లే చాలామంది మగవాళ్లకు ఇదే బాధ. తలంటువల్ల జలుబు చేసి ఇలా అవుతోందని అందరూ నమ్మేవారు.

అప్పట్లో మా వీధికి ఒక డాక్టరమ్మ వచ్చేది. ఇదంతా పత్తి దుమ్ము వల్లేనని ఆమె చెబితే అమ్మ ఒప్పుకోలేదు. అరవం కలిసిన అమ్మ మాటల్లో దుమ్ము అంటే దూసి, ఛాతీ అంటే నెంజు.

"దూసి అయితే రోజురోజుకీ ఎక్కువ కావాల కదమ్మా? మంగళవారం తగ్గేది ఏలా?"

డాక్టరమ్మ అమ్మమీద కోప్పడుతుందేమోనని నాకు భయమేసింది. ఆమె మా అరుగుమీద కూర్చుంది.

"మంచి ప్రశ్న అక్కా. అదెందుకో నాకూ పూర్తిగా తెలియదు," అంది అరవంలో. "కొన్ని ఆదివారాలు తలంటు మానిపించి చూస్తారా?"

"అప్పుడు నెంజు పట్టుకోకపోతే?"

"నా మాట తప్పని ఈ వీధిలోనే అందరికీ చెబుతాను."

ఆ మాట అమ్మకు నచ్చింది. ఇల్లిల్లూ తిరిగి కొందరిచేత తలంటు మానిపించింది, కొందరిని ఎప్పటిలాగే చేసుకోమంది. ప్రతి సోమవారం రెండు రకాలవాళ్లకీ ఛాతీ పట్టేసింది.

"అయితే మీరే గెలిచినారు," అంది అమ్మ.

"లేదక్కా. తలంటు కారణం కాదని తేలింది. దుమ్మే కారణమని ఇంకా తేలలేదు."

అమ్మ ఊరుకోలేదు. వేరే మిల్లులో పనిచేసే పక్కింటాయనకు బుధవారం సెలవు. ఆయన్ని అడిగింది. ఆయనకు గురువారం బిగుస్తుందట! సెలవు తర్వాత మళ్లీ దుమ్ములోకి వెళ్లిన మొదటిరోజే బాధ ఎక్కువన్నమాట. ఆ సంగతి చెప్పినప్పుడు అమ్మ గొంతులో ఉత్సాహం నాకింకా వినిపిస్తుంది.

డాక్టరమ్మ రాసిచ్చిన చీటీతో నాయన దుమ్ములేని విభాగానికి మార్చమని అడిగాడు. మేనేజరు చాలాకాలం తిప్పి, చివరికి నూలు కట్టలు కట్టే చోట వేశాడు. సోమవారాలు తేలికయ్యాయి. దగ్గు మాత్రం పూర్తిగా పోలేదు. ఆదివారం తలంట్లు మళ్లీ మొదలయ్యాయి.

కొన్నాళ్లకు ఆయాసానికి కషాయం అమ్మే ఒకాయన వీధిలోకి వచ్చాడు. తాగినవాళ్లందరికీ తగ్గిందన్నాడు.

"తాగనోళ్లకు ఎట్లుండాది? చూసినారా?" అని అడిగింది అమ్మ.

ఆయన సీసా సంచిలో పెట్టుకుని పక్కవీధి వైపు నడిచాడు.