గోడాదరాలో ఒక ఆదివారం: సాంచె కార్మికులు పత్రిక పెట్టుకున్న వైనం

మొదటి లాక్‌డౌన్‌లో నేను ప్రూఫులు దిద్దే హైదరాబాద్ ప్రెస్సు మూతపడింది. ఇంట్లో ఊరికే కూర్చున్న ఆ రోజుల్లో ఒక స్నేహితురాలు నాకొక వాయిస్ మెసేజ్ పంపింది. మాట్లాడుతున్నది సూరత్‌లో ఉండే రాజేశం. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి పడుచువయసులో వలస వెళ్ళి, అక్కడి పవర్‌లూమ్ షెడ్డులోనే తల నెరిసిన మనిషి. పవర్‌లూమును వాళ్ళు సాంచె అంటారు. బస్తీలోని సాంచెలన్నీ ఒక్కసారిగా ఆగిపోతే ఎలా ఉందో ఆయన చెబుతున్నాడు. పక్కింటి వాళ్ళ కుక్కర్ కూత, తన భార్య నిద్రలో తీసే ఊపిరి ఇన్నేళ్ళలో ఇప్పుడే విన్నానన్నాడు. రేషన్ బియ్యం ఎక్కడ పంచుతున్నారో చెప్పుకోవడానికి పెట్టుకున్న గ్రూపులో ఆ మెసేజ్ పెడితే, దాని కింద ఒకరి తర్వాత ఒకరు తమ ముచ్చట్లు చెప్పడం మొదలుపెట్టారట.

నేను ఆ నంబరు సంపాదించి ఫోన్ చేశాను. మీరు చెప్పినవి కాగితం మీద పెడతాను, మీ మాట మార్చను అన్నాను. అలా రేషన్ గ్రూపు పక్కన ‘సాంచె ముచ్చట్లు’ అనే రెండో గ్రూపు పుట్టింది. షెడ్డుల్లో పనిచేసే మగవాళ్ళు, ఇళ్ళలో చీరలకు మెరుపు రాళ్ళు అంటించే ఆడవాళ్ళు, అక్కడే పుట్టి పెరిగిన పిల్లలు అందులో చేరారు. కొందరు రాసి పంపేవారు, ఎక్కువ మంది మాట్లాడి పంపేవారు. నెలకొకసారి అవన్నీ కలిపి ఫోన్లోనే చదువుకునే సంచికగా చేసేవాళ్ళం. రెండో వేవ్ తగ్గిన చలికాలంలో రాజేశమన్న ఫోన్ చేసి, పత్రికను అచ్చు వేద్దామనుకుంటున్నామని, ముందుగా దాన్ని ట్రస్టు కింద రిజిస్టర్ చేయాలని, ఆదివారం అందరూ కూర్చుంటున్నారు కాబట్టి నన్నూ రమ్మని చెప్పాడు. అప్పటికి ఏడాదిన్నరగా మాట్లాడుకుంటున్నా మేమెప్పుడూ ఎదురెదురుగా చూసుకోలేదు.

సికింద్రాబాద్ నుంచి రాజ్‌కోట్ వైపు వెళ్ళే రైలు మధ్యాహ్నం ఎక్కితే మర్నాడు పొద్దున సూరత్‌లో దిగొచ్చు. స్లీపర్ టికెట్ ఐదారు వందల్లో అయిపోయింది. స్లీపర్‌లో దుప్పట్లు ఇవ్వరు, మీ శాలువా మీరే పట్టుకెళ్ళాలి. పూణె దాటాక చలి బాగా తగిలింది. టీకా సర్టిఫికెట్ ఫోన్లో సిద్ధంగా పెట్టుకున్నాను, సూరత్ స్టేషన్లో గేటు దగ్గర అడిగారు కూడా. తూర్పు వైపు నుంచి బయటికొస్తే రాజేశమన్న వాళ్ళుండే గోడాదరాకు షేర్ ఆటోలుంటాయి, అప్పుడు ముప్పై రూపాయలు. నేను ఎక్కిన ఆటో డ్రైవరు ధూలే నుంచి వచ్చిన మరాఠీ ఆయన. నా హిందీ విని తెలుగువాళ్ళేనా అని అడిగాడు. లాక్‌డౌన్‌లో తన బండి నడవనప్పుడు తెలుగు వాళ్ళ గల్లీలోనే రెండు పూటలా తిన్నానని, గోడాదరా దాకా అదే చెబుతూ వచ్చాడు.

ఆటో దిగిన చోట ముందుగా తెలిసేది చప్పుడు. చెవులకన్నా ముందు అరికాళ్ళకు తెలుస్తుంది. ఆదివారం కాబట్టి సగం షెడ్డులు మూసి ఉన్నాయని, మామూలు రోజుల్లో ఇంకా ఎక్కువని రాజేశమన్న నవ్వుతూ చెప్పాడు. ఆయన నేననుకున్నదానికన్నా పొట్టిగా ఉన్నాడు. షెడ్డుల్లో ఏళ్ళ తరబడి పనిచేసిన వాళ్ళందరిలాగే గట్టిగా మాట్లాడతాడు, ఎదుటివాళ్ళ పెదవులు చూసి వింటాడు. నా మాస్కు వల్ల మొదట్లో నా మాటలు ఆయనకు అందలేదు. గాలి ఆడే వరండాలో దూరంగా కూర్చుని మాస్కు తీసి మాట్లాడుకున్నాం.

ఆయన కూతురు కీర్తి బీకాం చదువుతోంది. సంచికను ఫోన్లో పేజీలుగా అమర్చేది ఆ పిల్లే. గుజరాతీ మీడియంలో చదివిన కీర్తికి లాక్‌డౌన్ ముందు తెలుగు చదవడం రాదు. నేను పంపిన పేజీలు చూస్తూ చూస్తూ నేర్చుకుంది. ఇప్పటికీ ఒత్తుల దగ్గర తడబడుతుందట. నన్ను దీదీ అని పిలుస్తూ, మూడు భాషలు ఒకే వాక్యంలో కలిపి మాట్లాడుతూ, ఒక ప్లేటులో పచ్చగా ఉన్న లేత జొన్న గింజలు తెచ్చి పెట్టింది. సూరత్‌లో చలికాలం అంతటా రోడ్ల పక్కన అమ్మే పోంక్ అది. నోట్లో వేసుకుంటే మా ఊసబియ్యమే, పైన సేవ్ అనే సన్న కారప్పూస, నిమ్మరసం తోడయ్యాయంతే.

తింటూ ఉండగా రాజేశమన్న అసలు సంగతి చెప్పాడు. సూరత్‌కు కూలీగా వచ్చి సొంత షెడ్డులు పెట్టుకున్న ఒక తెలుగు సేటు, ఏడాది పాటు అచ్చు ఖర్చంతా తాను భరిస్తానన్నాడట. ఆయనను తేలిగ్గా తీసేయడానికి లేదు. మొదటి లాక్‌డౌన్‌లో ఈ గల్లీకి బియ్యం, పప్పు పంపింది ఆయనే. అయితే మొదటి అచ్చు సంచికలో వేయాలనుకున్న వాటిని చూసి ఒకటి తీసేయమన్నాడు. అది అనసూయ చెప్పిన ముచ్చట.

అనసూయ గురించి మీకు చెప్పాలి. సిరిసిల్లలో చిన్నప్పటి నుంచి నూలు కండెలు చుట్టిన చేతులు ఆమెవి. సూరత్‌లో సాంచె నడిపేది మగవాళ్ళే, ఆడవాళ్ళు ఇళ్ళ దగ్గర చీరల పని చేసుకుంటారు. మొదటి లాక్‌డౌన్ ఎత్తేశాక చాలామంది కార్మికులు ఊళ్ళకు వెళ్ళిపోయి షెడ్డుల్లో మనుషులు దొరకలేదు. అదే సమయంలో అనసూయ భర్త మల్లేశం కరోనా వచ్చి తగ్గినా, నాలుగడుగులు వేస్తే ఆయాసంతో కూలబడేవాడు. అతని బదులు ఆమె వెళ్ళి సాంచెల ముందు నిలబడింది. అతను కోలుకునే దాకా, కొన్ని నెలలపాటు నడిపింది. ఆ మొదటి రోజు గురించి ఆమె గ్రూపులో చెప్పిన మాటలు రాసుకుంటూ నేను రెండుసార్లు ఆపాల్సి వచ్చింది. ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తుంటే కూడా ఒంట్లో సాంచె కొట్టుకుంటూనే ఉందని, మగవాళ్ళు వింతగా చూస్తుంటే తెగిన పోగును మాత్రమే చూస్తూ ఆ పూట గడిపానని చెప్పింది.

మన కులపు ఆడవాళ్ళు పొట్టకోసం మగవాళ్ళ మధ్య షెడ్డుల్లో నిలబడ్డారని అచ్చులో వేస్తే రేపు పిల్లల సంబంధాల దగ్గర ఏం మాట వస్తుందోనని సేటు భయం. మిగతావన్నీ వేసుకోండి, అదొక్కటి వద్దు అన్నాడట. రాజేశమన్న రెండు రాత్రులు నిద్రపోలేదని కీర్తి నాతో విడిగా చెప్పింది.

మధ్యాహ్నం రాజేశమన్న వాళ్ళ బిల్డింగు మేడ మీద అందరూ దూరం దూరంగా కూర్చున్నారు. ఇటు చీరలు ఆరేసి ఉన్నాయి, అటు నీళ్ళ ట్యాంకు నీడలో ఆడవాళ్ళు. ట్రస్టు ఎందుకో రాజేశమన్న ముందు చెప్పాడు. తాను రేపు ఊరికి వెళ్ళిపోయినా, లేకపోయినా పత్రిక ఆగకూడదని, ఇది ఎవరి సొంతమూ కాకూడదని, దీని మీద ఎవరూ లాభం తీసుకోకూడదని చెప్పాడు. అందరూ తలలూపారు. తర్వాత సేటు మాట చెప్పాడు.

పద్యాలు రాసే నర్సయ్య తాత ముందుగా గొంతు విప్పాడు. ఆకలప్పుడు అన్నం పెట్టిన మనిషిని కాదనడం మంచిది కాదని, ఈసారికి ఆ ఒక్కటి ఆపి వచ్చే ఏడు వేసుకోవచ్చని ఆయన అన్నాడు. ఆయన మాటలో చెడ్డతనమేమీ లేదు, అక్కడున్న సగం మంది మనసులో ఉన్నదే చెప్పాడు. కీర్తి లేచి, ఈసారి అనసూయ అత్తది తీస్తే వచ్చేసారి ఇంకొకరిది తీయమంటారు కదా అంది. గొంతులు కొంచెం లేచాయి. అందరూ అనసూయ వైపు చూశారు.

ఆమె కొంగు సరిచేసుకుని, “నాదొక్కటి తీస్తె పుస్తకం ఎల్లుతదంటే తీసెయ్యిరి. నేను జెప్పిన, మీరందరు ఇన్నరు. నాకు గంతే చాలు” అంది. అలా అంటున్నప్పుడు ఆమె ఎవరి కళ్ళలోకీ చూడలేదు.

మెట్ల దగ్గర గోడకు ఆనుకుని ఒక సన్నటి మనిషి నిలబడి ఉన్నాడు. గ్రూపులో ఎప్పుడూ ఒక్క మాట పెట్టని మల్లేశం. మేడ ఎక్కిన ఆయాసం తీరేదాకా ఆగి, నెమ్మదిగా మాట్లాడాడు.

“గన్ని నెలలు అది సాంచెలు నడిపితే షెడ్డు ఖాతల నా పేరే ఉండె. పైసలు నా పేరు మీదనే అచ్చినయి. పరువు తక్కువని అంటున్నరు గద, నేను పండుకున్నప్పుడు నా ఇంటి పరువు నిలబెట్టింది అదే. గీ పుస్తకంలనన్న దాని పేరుండనియ్యిరి.”

నర్సయ్య తాత రాజేశం వైపు తిరిగి, “నేను అన్నది ఎనక్కి తీసుకుంటున్న బిడ్డా. సేటుకు నువ్వు ఫోన్ జెయ్యి, అవసరమైతే నేను మాట్లాడుత” అన్నాడు.

రాజేశమన్న అక్కడే ఫోన్ చేశాడు. బియ్యం పంపిన రుణం మరిచిపోమని, కానీ ఆ ముచ్చట తీయలేమని, అందుకే డబ్బు తీసుకోలేమని చెప్పాడు. అవతల నుంచి సేటు, “సరే రాజేశం. మీ ఇష్టం” అని మాత్రం అన్నాడట. ఆ తర్వాత మేడ మీద పని చకచకా సాగింది. డబ్బిచ్చిన వాళ్ళెవరికీ ఏం అచ్చవాలో చెప్పే హక్కు ఉండదని ట్రస్టు నియమాల్లో మొదటిదిగా పెట్టాలని కీర్తి అంది, అందరూ ఒప్పుకున్నారు. ట్రస్టీల పేర్లు అనుకుంటున్నప్పుడు అనసూయ పేరు చెప్పింది ఇంకెవరో కాదు, నర్సయ్య తాతే. ఆమె వద్దు వద్దంటూనే తలూపింది.

సాయంత్రం కీర్తి, నేను దగ్గర్లోని ఒక ప్రెస్సుకు వెళ్ళాం. పెళ్ళికార్డులు వేసే గుజరాతీ ఆయనది. తెలుగు అక్షరాలు చూసి జిలేబీల్లా ఉన్నాయని మురిసిపోయాడు కానీ, ఆయన కంప్యూటర్లో ఒత్తులన్నీ విడిపోయి పక్కకు దొర్లాయి. పేజీలను బొమ్మలుగా మార్చి పంపితే సరిపోతుందని తేలేసరికి రెండు చాయ్‌లు అయ్యాయి. సేటు డబ్బు లేదు కాబట్టి రంగుల అట్ట వద్దనుకున్నాం, పేజీలు తగ్గించాం, ఖర్చు చందాలతో సరిపెట్టాలనుకున్నాం. తెలుగు చదవడం రాని పిల్లల కోసం చివరి కొన్ని పేజీల్లో తెలుగు మాటనే గుజరాతీ లిపిలో వేద్దామన్నది కీర్తి ఆలోచన. ఆ పేజీలు నేను దిద్దలేను. అవి పూర్తిగా ఆమె బాధ్యతే అని అక్కడే అనుకున్నాం.

మర్నాడు తిరుగు ప్రయాణం బస్సులో. సూరత్ నుంచి కరీంనగర్, సిరిసిల్ల వైపు ప్రైవేటు స్లీపర్ బస్సులు మధ్యాహ్నం బయలుదేరతాయి, టికెట్ పదిహేను వందల దాకా ఉంటుంది, దాదాపు పూర్తి రోజు ప్రయాణం, కరీంనగర్‌లో దిగి హైదరాబాద్ చేరొచ్చు. అనసూయ జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం కట్టిచ్చింది. బస్సెక్కే ముందు నా చెయ్యి పట్టుకుని, “అక్కా, నేను చెప్పిన తీర్గనే ఉంచు. పుస్తకాల మాట చెయ్యకు” అంది. ఉంచాను.

మూడో వేవ్ వచ్చి రిజిస్ట్రేషన్ కొంత ఆలస్యమైంది, కానీ ఆగలేదు. మొదటి సంచిక వేసవిలో పార్సిల్ బస్సులో నాకు చేరింది. పలచటి పత్రిక, తెల్ల అట్ట, కొన్నిచోట్ల సిరా అంటీ అంటనట్టుంది. సేటు ఇప్పటి దాకా చందా కట్టలేదు, కానీ ఆయన షెడ్డులోకి కార్మికులు పత్రిక తీసుకెళ్తుంటే వద్దనలేదట. వాళ్ళ మధ్య గడిపిన ఆ ఒక్క రోజు తర్వాత నా పని మీద నాకు గౌరవం పెరిగింది. ప్రెస్సులో ఇన్నేళ్ళు నేను తప్పుల కోసమే పేజీలు చూశాను. ఇప్పుడు ఒక మనిషి మాట ఎక్కడా చెదరకుండా అవతలి ఒడ్డుకు చేరిందా అని చూస్తున్నాను. రెండో సంచికకు సూరత్ శివారులోని సచిన్ ఇండస్ట్రియల్ ఎస్టేట్ నుంచి కూడా ముచ్చట్లు వచ్చాయి, మల్లేశం ఒకటి పంపాడు, ఊపిరి సరిపోక మధ్య మధ్య ఆగుతూ చెప్పాడు.

మీలో ఎవరైనా సూరత్ తెలుగు బస్తీలకు వెళ్తే ఒక్క సలహా. మిఠాయిలు అక్కడే బాగా దొరుకుతాయి, మోసుకెళ్ళకండి. సంచిలో ఆ చోట ఒకటో తరగతి తెలుగు వాచకాలు పట్టుకెళ్ళండి. అక్కడి దుకాణాల్లో అవి కనబడవు, తీసుకునే పిల్లలు మాత్రం ప్రతి మెట్టు మీదా కూర్చుని ఉంటారు.