పురుగు సర్దిన పెట్టె

లెవుకా ఊళ్లో మా పాత రికార్డుల ఆఫీసుకు పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ వసెమాద ముప్పై ఏళ్లుగా చెప్పే మొదటి పాఠం ఒకటే: కాగితాలు దాచినవాడు ఏ వరుసలో దాచాడో, ఆ వరుస చెడగొట్టకూడదు.

కొత్తగా పనిలో చేరిన ఆమె మేనత్త కొడుకు ఇనోకె అది విని కూడా, చనిపోయిన ఒక పాస్టరుగారి పెట్టెలోని ఉత్తరాలన్నీ తేదీల ప్రకారం పేర్చి కాలరెగరేశాడు.

"బావా, ఏ ఉత్తరం పక్కన ఏది ఎందుకు పెట్టారో ఇక ఆయన సమాధి దగ్గరికెళ్లి అడిగి రా," అంది వసెమాద.

"శుభ్రంగా సర్దితే తప్పేంటి?"

"మీ ఆవిడ వంటిల్లు ఇలాగే సర్దు. రేపటికి బతికుంటే మాట్లాడదాం."

తర్వాత ఆమె ఒక్కో ఉత్తరాన్నీ వెలుతురుకి పట్టి చూసింది. కట్ట పాత వరుసలో ఉన్నప్పుడే ఎప్పుడో ఒక పురుగు దాన్ని పైనుంచి కిందిదాకా తొలిచింది. చిల్లు కిందికి పోనుపోను పెద్దదయింది. ఆ చిల్లులు జత చేసుకుంటూ ఇద్దరూ మూడు రోజుల్లో పాత వరుస రాబట్టారు.

నాలుగో రోజు ఇనోకె తప్పు ఒప్పుకునే మా పద్ధతి ప్రకారం యంగోనా మొక్క వేరు తెచ్చి, ఆమె ముందు పెట్టి, తల వంచి తప్పయిందన్నాడు.

"నాకెందుకు బావా? పెట్టె సర్దింది పురుగు. దానికి చెప్పుకో."

ఆ వేరు దంచి, నీళ్లలో కలిపి, తలా ఒక కొబ్బరిచిప్పెడు తాగాం. పురుగు వంతు చిప్ప కూడా వసెమాద ఇనోకె చేతే తాగించింది.