తాళం తీసెయ్ తమ్మీ

అది 2023 ఎండాకాలం. షోలాపూర్ భవాని పేట్‌లో, పగలంతా పవర్‌లూమ్‌ల చప్పుడు ఆగని సందులో నాది మొబైల్ రిపేరు దుకాణం. స్క్రీన్లు మారుస్తాను, ఛార్జింగ్ పిన్నులు వేస్తాను. ఆ మధ్య ఇంకో పని బాగా నడిచింది, పేరెంటల్ కంట్రోల్. అంటే పిల్లలు చూడకూడని సైట్లు తెరుచుకోకుండా ఫోన్‌లోనే అడ్డం పెట్టి, పెద్దవాళ్లకు మాత్రమే తెలిసే పిన్ నంబరు ఇవ్వడం. పేట్‌లో నన్ను ‘తాళం శ్రీను’ అనేవాళ్లు. ఆ పేరంటే నాకు గర్వంగానే ఉండేది.

వెనక సందులో బీడీలు చేసే పద్మక్క ఒకరోజు ఫోన్ తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. ఆమె కొడుకు సాయి ఆరో తరగతి.

"తమ్మీ, గలీజు రాకుంట గట్టి తాళమెయ్యి. మావోడు ఏందో చూశిండనిపిస్తుంది."

"నేనేసిన తాళం వాని తాత గూడ తియ్యలేడక్కా," అన్నాను.

కొన్నాళ్లకే మళ్లీ వచ్చింది. "తాళం తీసెయ్ తమ్మీ," అంది.

నాకు ఒళ్లు మండింది. వేరే దుకాణం వాడెవడో చెవి కొరికి ఉంటాడనుకున్నాను. ఏమైందని అడిగితే స్టూల్ మీద కూర్చుని చెప్పింది.

మాకు నల్లా నీళ్లు రోజూ రావు. వచ్చిన రోజు డ్రమ్ముల్లో పట్టుకుని, మళ్లీ వచ్చేదాకా సర్దుకోవాలి. అలాంటిది సాయి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం స్నానాలే స్నానాలు. డ్రమ్ము అడుగంటేసరికి పద్మక్క తిట్టి, వీపు మీద రెండు వేసింది. వాడు ఏడుస్తూ అన్నాడట: "నువ్వే అన్నవ్ గదా మమ్మీ, గలీజు చూస్తే గలీజైతమని. కుంభారిల అన్న ఫోన్ల చూశిన. ఎంత కడుక్కున్నా పోతలేదు."

నా తాళం తల్లి ఫోన్‌కి ఉంది. వాడు చూసింది పక్కనున్న కుంభారి ఊళ్లో, పెదనాన్న కొడుకు ఫోన్‌లో. మోరీలో పారే మురుగు గలీజు, బూతు మాట గలీజు, ఇదీ గలీజే. మా వాళ్లు అన్నిటికీ వాడే ఆ ఒక్క మాటే పిల్లవాడి నోరు కుట్టేసింది.

పద్మక్క దవాఖానకు పోయి, ఇలాంటివి పిల్లలకు ఎలా చెప్పాలో నర్సమ్మను అడిగింది. ఇంటికొచ్చి చాట ఒళ్లో పెట్టుకుని, ఎప్పటిలాగే ఆకు చుడుతూ మొదలుపెట్టింది. బీడీలు చేసేవాళ్ల కళ్లు చాట మీదే ఉంటాయి. తల్లి తన మొహంలోకి చూడటం లేదు కాబట్టి వాడు నోరు విప్పగలిగాడు.

"ఏం చెప్పినవక్కా?"

"నువ్వు గలీజు గాలేదు బిడ్డా అన్న. ఆ వీడియోల పెద్దోళ్లు పైసలకు యాక్టింగ్ జేస్తరు, నిజం సంసారం గట్లుండదు అన్న. మళ్ల కనవడితే బంద్ జేసి నాకు జెప్పు, కొట్టను అన్న. ఇప్పుడు అన్నీ అడుగుతుండు తమ్మీ. నాకే సిగ్గయితది గని, చెప్త."

"మరి తాళముంటే ఏం?"

"తాళముంది గదా అని నేను వాని మీద సోయి లేకుంట ఉన్న. అందుకే వద్దు."

తాళం తీసి ఫోన్ చేతికిస్తూ ఆ మొహంలో వెలుగు చూసి నాకు కళ్లు కుట్టాయి. దాచడమెందుకు, ఉత్త అసూయే. నా కూతురు భావన ఏడో తరగతి. నేను గదిలోకి వస్తే ఫోన్ బోర్లా పెడుతుంది. పేట్‌లో ఫోన్లన్నిటికీ తాళాలు వేసేది నేనే, నా బిడ్డ నోటికి ఎవరు వేశారో మాత్రం తెలియదు.

ఆ సాయంత్రమే భావనను ఎదురుగా కూర్చోబెట్టాను. "ఫోన్ల ఏమన్న చూశినవా? నిజం జెప్పు."

"లేదు పప్పా," అంది నేల చూస్తూ.

ఆ తర్వాత వెనక సందులోంచి పోయినప్పుడల్లా, చాట పక్కన కూర్చుని వాగే సాయిని చూసి మొహం తిప్పుకునేవాణ్ణి. ఆమెకేం తెలుసని, అనుకునేవాణ్ణి. ఫోన్ లాక్ తియ్యడం కూడా రాదు!

ఒక ఆదివారం రిపేరు ఫోన్ ఒకటి ఇంటికి తెచ్చుకుని విప్పుతుంటే, భావన వచ్చి పక్కన కూర్చుంది. నేను తల ఎత్తలేదు. స్క్రూల మీదే కళ్లు పెట్టి, "ఫోన్ల ఏదన్న చూసి భయమైతే నాకు జెప్పు బిడ్డా, తప్పు నీది గాదు," అన్నాను.

అప్పుడు చిన్నగా అంది. "దివాళీ సెలవులల్ల ఫ్రెండ్ ఒక వీడియో పంపింది పప్పా. సగంలనే బంద్ జేశిన. మస్తు భయమైంది."

నాకే చెప్పింది కదా అని లోపల పొంగిపోయాను. "ఇన్ని దినాలు ఎవ్వరికీ చెప్పలేదా తల్లీ?"

"పద్మత్తకు చెప్పిన. మీ పప్పకు గూడ చెప్పమన్నది. పప్ప పని జేస్తుంటె పక్కకు పోయి కూసో, అప్పుడు చెప్పొస్తది అన్నది."

చేతిలో స్క్రూ ఎక్కడ పడిందో ఇప్పటికీ దొరకలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, నిజమే. కానీ ఆ పొరుగింటామె నా బిడ్డను నా దగ్గరికే పంపింది.

తాళాలు ఇప్పటికీ వేస్తాను, చిన్నపిల్లలకు అవి కావాలి కూడా. వేసి ఇచ్చేటప్పుడు ఒక మాట చెబుతాను: "ఈ తాళం ఈ ఒక్క ఫోన్‌కే. పిల్లలను గలీజు అనకుండ్రి, పక్కన కూసోబెట్టుకొని మాట్లాడుండ్రి." విన్నవాళ్లు బాగా చెప్పినవ్ శ్రీనూ అని మెచ్చుకుంటారు. అది పద్మక్క నేర్పిన మాటని మాత్రం నేను చెప్పను. అంత మనసు నాకింకా రాలేదు.